కొండమీది కేకకు వెల కట్టవచ్చునా?

ఆపదలో నున్నవాడు కేకవేసినప్పుడు పరుగెత్తిపోవుట మనుష్యధర్మమా, లేక తూకము వేసి వెల చెప్పి అమ్మదగిన సరకా? ప్రశ్న వినుటకు వింతగా నుండవచ్చును. కాని నేడు కొండలున్న పెక్కు దేశములయందు ఇది చట్టసభలలోను, న్యాయస్థానములలోను, పత్రికలలోను వాదోపవాదములకు గురియగుచున్నది. మన దేశమునను ఈ వాదము ప్రవేశించినది. కావున దీని మంచిచెడ్డలు విచారించుట అవసరము.

2022 ఫిబ్రవరిలో కేరళదేశమున పాలక్కాడు జిల్లా మలంపుళ చెంత నున్న కొండపై ఒక యువకుడు చిక్కుకొనెను. వెంట వచ్చిన మిత్రులు నడుమనే వెనుదిరిగిరి. ఇతడొక్కడు పైకి సాగి, కాలుజారి, నిటారైన రాతిగోడ మధ్యనున్న చిన్న చీలికలో ఆగిపోయెను. చేతనున్న ఫోను ద్వారా తన దుస్థితిని తెలుపగలిగెను గాని కదలలేకపోయెను. రెండు రాత్రులు, రమారమి 45 గంటలు, అన్నము నీరు లేక అచట కూర్చుండెను. హెలికాప్టరు సమీపింపలేకపోయెను. తుదకు సైనికుడొకడు త్రాటి సాయమున దిగి, వానికి నీరు త్రాగించి, తన దేహమునకు కట్టుకొని పైకి చేర్చెను. దేశమంతయు హర్షించెను.

ఆ హర్షధ్వని అణగకమునుపే రెండవ కేక బయలుదేరెను. "ఈ మూర్ఖుని కొరకు ప్రజాధనమేల? లెక్కకట్టి వానిచేతనే కట్టింపుడు!" అటవీశాఖవారు మొదట కనికరించినను, కొన్ని దినములకే మరియొకడు అదే కొండ నెక్కి దింపబడగా, అనుమతిలేక అడవిలో ప్రవేశించెనని ఆ యువకునిపై కేసు పెట్టిరి. మా పట్టణపు పఠనమందిరమున నాడు జరిగిన చర్చ మాకింకను జ్ఞాపకమున్నది. పెద్దలలో పలువురు "చెల్లింపవలసినదే" అనిరి. పడుచువారిలో పలువురు "వాని ప్రాణము, వాని యిష్టము" అనిరి.

ఈ రెండు వాదములును తప్పని మా నిశ్చితాభిప్రాయము. రక్షణకు వెల అడుగరాదు. సిద్ధతను మాత్రము అడిగి తీరవలయును. పద్దు వ్రాయవలసినది కొండ దిగిన పిమ్మట గాదు, ఎక్కకమునుపు. ఈ మాటను నిలువబెట్టుటయే నేటి మా ప్రయత్నము.

మొదట వెల అడుగువారి వాదము విందము. అమెరికాలో న్యూ హాంప్‌షైరు అను చిన్న రాష్ట్రము కలదు. అందలి తెల్లకొండలు ఎత్తున మన హిమాలయముల ముందు గుట్టలు. వానిలో పెద్దదైన మౌంట్ వాషింగ్టను 6,288 అడుగులే. కాని 1934 ఏప్రిల్ 12న ఆ శిఖరముపై గాలి గంటకు 231 మైళ్ల వేగమున వీచినట్లు కొలువబడెను. అట్టి చోట ప్రతియేట యాత్రికులు తప్పిపోవుదురు, పడిపోవుదురు, చలికి కొయ్యబారుదురు. వారిని వెదకు భారము అచటి వేట, చేపల శాఖపై బడినది. ఆ శాఖ ముఖ్యముగా బ్రదుకునది వేటగాండ్రును, చేపలు పట్టువారును చెల్లించు లైసెన్సు రుసుములపై. కొండ నెక్కువాడు ఆ శాఖకు కానియైన నిచ్చినవాడు కాడు. ఒకరి సొమ్ముతో మరియొకరిని మోయనేల యను ప్రశ్న అందుచేత పుట్టినది. ఇది అన్యాయమైన ప్రశ్న యని మేమనము.

దానికి వారు చూపిన మందు మాత్రము మాకు సమ్మతము గాదు. తెగించి ఆపద తెచ్చుకొన్నవాడు రక్షణవ్యయము చెల్లింపవలెనని మొదట శాసనము చేసిరి. 2008లో ఆ వలను విశాలముచేసి, అజాగ్రత్తగా ప్రవర్తించినవాడును చెల్లింపవలెననిరి. మరుసటి యేడు, 2009 ఏప్రిల్‌లో, 17 ఏండ్ల బాలుడొకడు ఒక్కదినపు యాత్రకని ఒంటరిగా పోయి, చీలమండ బెణికి, అడ్డదారిన దిగబోయి, కరగు మంచు నడుమ చిక్కి మూడు రాత్రులు గడిపి బయటపడెను. వానికి ప్రభుత్వము పంపిన బిల్లు సుమారు 25 వేల డాలర్లు. 2012లో 59 ఏండ్ల పెద్దమనిషి, తుంటికి పలుమారులు శస్త్రచికిత్స జరిగినవాడు, చెడువాతావరణము వచ్చునని సూచన యుండగా ఒంటరిగా ఫ్రాంకోనియా శిఖరశ్రేణిపై నడచి, తుంటి తొలగి పడిపోయెను. అతడు 9 వేల డాలర్లకు పైగా చెల్లింపవలసినదేనని 2015లో ఆ రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను.

మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము. ఆ తీర్పును తప్పుపట్టము. చట్ట మట్లున్నది, తీర్పట్లు వచ్చినది. మా ఆక్షేపణ చట్టముమీదనే.

చీలమండ బెణికిన ఒంటరివాడు సాయంకాలము రాతిమీద కూర్చుండి ఏమి ఆలోచించునో చదువరులు ఊహింతురుగాక. చేత ఫోనున్నది. పిలిచిన వత్తురు. కాని పిలిచినచో బిల్లు వచ్చును. ఆ బిల్లు ఎంతయో తెలియదు. తన నడవడిని అజాగ్రత్త యందురో, దురదృష్ట మందురో అదియు తెలియదు. "కొంచెము కుంటుచు దిగి చూచెదను" అని లేచును. గంటకు రెండు ఫర్లాంగులు దిగును. చీకటిపడును. వానవచ్చును. ఈసారి కాలు విరుగును. అప్పుడు పిలుచును. వెలుగుండగా ఇద్దరు చేయూతనిచ్చి నడిపింపదగిన మనిషిని, ఇప్పుడు అర్ధరాత్రి జారుడురాళ్లపై ఇరువదిమంది వంతులవారీగా మోయవలసివచ్చును. బిల్లు భయముచేత మిగిలినదేమి? వ్యయము పదిరెట్లాయెను, ఒకడు పడవలసినచోట నలుగురు పడు అపాయము కలిగెను. ఇది మా కల్పన గాదు. 1959లో స్థాపితమై అమెరికాలోని స్వచ్ఛంద పర్వతరక్షక దళములను ఏకముచేసిన సంఘము రక్షణకు వెల కట్టరాదని తన నిశ్చయముగా ప్రకటించియున్నది. చీకటిలో కొండ నెక్కి ప్రాణములొడ్డువారే వెల వలదనుచుండగా, ఇంట దీపము క్రింద కూర్చున్న మనము వెల అడుగుట ఏమి ధర్మము?

పొయ్యిమీద నూనె మరచి ఇల్లు తగులబెట్టుకొన్న గృహస్థుని అగ్నిమాపకదళమువారు ముందు రశీదు అడుగుదురా? త్రాగి నూతిలో బడినవానికి త్రాడు వేయుటకు ముందు వాని నడవడి విచారింతుమా? ఆపద తెచ్చుకొన్నవాడు మూర్ఖుడైనను కేక కేకయే. అయితే ఒక్క భేదము చెప్పవలసియున్నది. అలసట కలిగినంత మాత్రమున, జట్కాబండిని పిలిచినట్లు హెలికాప్టరును పిలుచువాడును, లేని ఆపద నున్నట్లు నటించువాడును కలరు. వారిది కేక గాదు, వంచన. వంచనకు శిక్ష విధింపుడు, ఎవ్వరును అడ్డురారు.

ఇక రెండవ మందు, ముందుగా ధరావతు పుచ్చుకొనుట. 2022 వేసవిలో రాళ్లు దొర్లి అపాయకరమైన మార్గమున సిద్ధతలేని జనులు మోంబ్లాన్ శిఖరమునకు ఎగబడుచుండగా, ఫ్రాన్సుదేశపు సెంగెర్వే పట్టణపు మేయరు కోపించి, ఎక్కగోరువాడు 15 వేల యూరోలు ముందు కట్టవలెనని ప్రతిపాదించెను. అందు 10 వేలు రక్షణకు, 5 వేలు అంత్యక్రియలకు! ఆ దేశమున పర్వతరక్షణ చేయునది ప్రభుత్వ సైనికపోలీసు దళమే. రక్షింపబడినవానిని వెల యడుగదు. మేయరుగారి విసుగును మేము అర్థము చేసికొనగలము. కాని ఆ మాట చెల్లినచో ఏమి జరుగును? పర్వతము ధనికుని పెరడగును. పదునైదు వేలు పారవేయగల మూర్ఖుడు శిఖరమునకు పోవును; కొండలనే నమ్ముకొని పెరిగిన బీద నిపుణుడు క్రింద నిలిచిపోవును. ధరావతు మూర్ఖతను వడకట్టదు, పేదరికమును వడకట్టును.

మూడవ మందు నిషేధము. నేపాళమున విదేశీయాత్రికులు లైసెన్సుగల మార్గదర్శి లేనిదే ఒంటరిగా కొండదారులు పట్టరాదని 2023 ఏప్రిల్ 1 నుండి నియమము పెట్టిరి. తప్పిపోయినవారిని వెదకుట కష్టమును, వ్యయకరమును అగుచున్నదని కారణము చెప్పిరి. మార్గదర్శులకు జీవనోపాధి కలుగుట మంచిదే. కాని మనిషి ఒంటరిగా కొండకు పోవుటయే నేరమన్నచో, తపస్సునకు పోయిన ఋషియు, మందలు తోలుకొనిపోవు కాపరియు నేరస్థులే యగుదురు. ఏకాంతము మనుష్యుని ప్రాచీనమైన ఆకలి. దానిని నిషేధించినచో చాటుగా పోవుదురు. చాటుగా పోయినవాడు ఎచటికి పోవుచున్నాడో ఎవ్వరికిని చెప్పడు. వానిని వెదకుట నూరంతలు కష్టము.

ఇంతవరకు మా మాటలు విని పడుచువారు చేతులు చరచియుందురు. ఇక వారివైపు తిరిగెదము.

"నా ప్రాణము, నా యిష్టము" అను మాట కొండమీద చెల్లదు. ఏలయన, నీవు కొండ దిగిరానినాడు నీ ప్రాణము నీ ఒక్కనిదిగా నుండదు. 1982 జనవరిలో అవే తెల్లకొండలలో ఇద్దరు యువకులు మంచుగోడ నెక్కబోయి తుపానులో దారితప్పిరి. వారిని వెదకబోయిన స్వచ్ఛందసేవకులలో ఆల్బర్ట్ డౌ అను 28 ఏండ్ల యువకుడు హిమపాతము క్రిందబడి మరణించెను. తప్పిపోయిన ఇద్దరును బ్రదికిరి. వారిలో 17 ఏండ్ల హ్యూ హెర్ మంచుచే చచ్చుబడిన రెండుకాళ్లను మోకాళ్ల క్రింద పోగొట్టుకొని, పిదప కృత్రిమపాదముల నిర్మాణమునకే జీవిత మర్పించి, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఆచార్యుడై, కాళ్లులేని వేలమందికి ఆశ యయ్యెను. ఒక జీవితము రక్షింపబడి ఎంత ఫలించినదో చూడుడు. ఆ రక్షణకొరకు మరియొక జీవితము ఎట్లు ముగిసినదో అదియు చూడుడు. ఆల్బర్ట్ డౌకు ఎవరు ఏ బిల్లు చెల్లింపగలరు? ఇదియే రక్షణయొక్క నిజమైన వ్యయము. డాలర్లు, రూపాయలు దీని ముందు చిల్లర.

అంత దూర మేల? మన హిమాలయ గ్రామములలో ఒకడు తప్పిపోయినచో మొదట వెదకబోవు వారెవరు? ఆ దారులెరిగిన గొఱ్ఱెలకాపరి, బరువులు మోయు కూలివాడు, ఆ ఊరి పడుచువారు. ఆ దినపు కూలి పోగొట్టుకొని, చాలీచాలని బట్టతో, పట్టణపు విలాసిని వెదకుచు మంచులో దిగుదురు. వారికి పతకము లేదు. పత్రికలలో పేరు రాదు. "నా యిష్టము" అను యువకుడు ఆ కాపరి ఇంటిగడపలో నిలిచి, అతని పిల్లలయెదుట ఆ మాట అనగలడేమో ఆలోచించుకొనవలెను.

ఒంటరితనమనగా కవిత్వము గాదు, లెక్క. ఇద్దరు పోయినచో ఒకడు పడిన రెండవవాడు కట్టుకట్టును, కప్పును, కబురు తెచ్చును. "ఇక చాలు, వెనుకకు పోవుదము" అనును. ఒంటరివానికి ఆ రెండవ మనిషి లేడు. ఆ లేని మనిషి చేయవలసిన పనులన్నియు ముందుగా కాగితమునను, సంచిలోను, బుద్ధియందును పెట్టుకొని బయలుదేరుటయే సిద్ధత.

మొదటిది కాగితము. ఏ దారిన పోవుచున్నాను, ఎచట పండుకొందును, ఏ దినమున ఏ గంటకు తిరిగివత్తును, ఆ గంట దాటినచో ఎవరికి తెలుపవలెను అను నాలుగు మాటలు వ్రాసి నమ్మకమైన మనిషి చేతిలో పెట్టుట. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు. 2003 ఏప్రిల్‌లో అమెరికాలోని యూటా రాష్ట్రమున ఏరన్ రాల్‌స్టన్ అను పర్వతారోహకుడు ఇరుకైన లోయలో దిగుచుండగా బండ దొర్లి కుడిచేయి క్రింద చిక్కెను. నేర్పరియే, బలవంతుడే, కాని ఎచటికి పోవుచున్నాడో ఎవ్వరికిని చెప్పలేదు. ఎవ్వరును రారని తెలిసి, అయిదు దినములు గడచిన పిమ్మట, తన చేతిని తానే కోసికొని బయటపడెను. లోకము వాని ధైర్యమును కొనియాడినది. మేమును కొనియాడెదము. కాని నాలుగు మాటల కాగితము వ్రాసియున్నచో ఆ ధైర్యముతో అవసరమే కలుగకుండునేమో!

రెండవది సంచి. పటము, దిక్సూచి, వానకోటు, తల దీపము, దానికి మారుబ్యాటరీలు, నిప్పుపెట్టె, కత్తి, కట్టుగుడ్డలు, ఒకపూటకు మించిన తిండి, నీరు, రాత్రి కప్పుకొను పట్టా. ఎండలో మనకు మేలుచేయు నూలువస్త్రము చలికొండపై తడిసినచో ఒంటి వేడిని లాగివేయును. అచట ఉన్నియే మేలు. ఒక ఈల కావలెను. నిమిషమునకు ఆరుమారులు ఊది, నిమిషము ఆగి, మరల ఊదుట పర్వతదేశములలో ఆపత్సంకేతము. నిమిషమునకు మూడుమారులు వినవచ్చినచో అది బదులు. గొంతు రెండుగంటలలో పోవును. ఈల రాత్రియంతయు పలుకును. పటము విలువ తెలియవలెనన్న క్రిస్ మెకాండ్‌లెస్ కథ చాలును. 1992లో అలాస్కా అడవిలో ఒంటరిగా బ్రదుకబోయిన ఆ యువకుడు తిరిగివచ్చుచు, పొంగిన టెక్లనికా నదిని దాటలేక వెనుకకు మరలి, పాడుబడిన బస్సులో ఆకలిచే కృశించి మరణించెను. ఆ చోటికి మైలులోపుననే నది దాటుటకు తీగపై నడుచు బుట్ట కలదు. అది తెలుపు పటము వానివద్ద లేదు.

ఆ కథ అంతటితో ముగియలేదు. వానిపై వెలువడిన గ్రంథమును, చలనచిత్రమును చూచి ఆవేశపడిన యాత్రికులు ఏటేట ఆ బస్సును దర్శింపబోయిరి. పలువురిని రక్షింపవలసివచ్చెను, 2010లోను, 2019లోను ఒక్కొక్కరు నదిలో మునిగి మరణించిరి. తుదకు 2020 జూన్‌లో ప్రభుత్వము సైనిక హెలికాప్టరుతో ఆ బస్సునే ఎత్తుకొనిపోవలసివచ్చెను. ఒక్కని సిద్ధతలేమికి లోకము ఎన్ని యేండ్లు వడ్డీ కట్టెనో చూడుడు!

మూడవది బుద్ధి. శిఖర మెంత దగ్గరనున్నను ఈ గంటకు వెనుదిరుగుదునని ఇంటివద్దనే నిర్ణయించుకొని, ఆ గంటకు నిజముగా వెనుదిరుగుట. ఇది సంచిలో పట్టునది గాదు, డబ్బుకు దొరకునది గాదు. 2015 ఫిబ్రవరిలో ఆ తెల్లకొండలలోనే, బలమును నేర్పును ఉత్తమ పరికరములును గల యువతి యొకతె, భయంకరమైన గాలి వచ్చునని సూచన యుండగా ఒంటరిగా బయలుదేరెను. ఆపదలో రక్షణయంత్రము మీట నొక్కెను. కాని అది చూపిన స్థలములు ఒకదానితో నొకటి పొసగక వెదకువారు తికమకపడిరి. మరునాడు ఆమె మృతదేహము దొరకెను. యంత్రము కేకను మోయగలదు, గాలిని ఆపలేదు.

సిద్ధత పిరికివాని లక్షణమని తలచువారికి మన తెలుగుబిడ్డనే చూపెదము. తెలంగాణములోని నిజామాబాదు సీమలో బీదయింట పుట్టిన మాలావత్ పూర్ణ, 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే ఎవరెస్టు శిఖరముపై నిలిచెను. ఆమె ఒంటరిగా పోలేదు. ఒక్కనాటి ఆవేశముతోను పోలేదు. భువనగిరి బండమీద మొదట రాతినెక్కుట నేర్చి, డార్జిలింగు పర్వతారోహణ విద్యాలయమున శిక్షణ పొంది, లడాఖు చలికి దేహమును అలవాటు చేసికొని, పిదప ఎక్కెను. సాహసమనగా అది. తక్కినది జూదము.

ఇక వ్యయము మాట. వెల వలదన్నచో సొమ్ము ఎచటినుండి వచ్చును? దారి కలదు. వెలను వెనుక గాక ముందు, ఒక్కనిపై గాక అందరిపై, భారముగా గాక చందాగా పంచుట. న్యూ హాంప్‌షైరువారే 2015 నుండి ఈ దారికి కొంత వచ్చిరి. ఏటికి 25 డాలర్లు, కుటుంబమునకు 35 డాలర్లు ఇచ్చి కార్డు కొన్నవాడు అజాగ్రత్తచే ఆపదలో బడినను రక్షణవ్యయము చెల్లింపనక్కరలేదు. తెగించి ప్రవర్తించినచో మాత్రము తప్పించుకొనలేడు. కొలరాడో రాష్ట్రమున కొలది డాలర్ల కార్డు ఒకటి కలదు. ఆ సొమ్మొక నిధిలో చేరి, వెదకబోయిన దళములకు ముట్టును. స్విట్జర్లాండున 1952లో పుట్టిన రేగా అను సంస్థ ఏటేట చందానిచ్చు లక్షలాది పోషకుల బలమున విమానములు నడుపుచున్నది. పోషకుడు ఆపదలో బడి, బీమా ఆ వ్యయమును భరింపనిచో, ఖర్చు మాఫీ చేయును. బ్రిటనులో స్వచ్ఛంద దళములు జనుల విరాళములతో నడచుచు ఎవ్వరిని వెల యడుగవు.

బీమాయే సర్వరోగనివారిణి యని మేము చెప్పబోము. నేపాళమున బీమాగల యాత్రికులకు కొద్దిపాటి తలనొప్పి రాగానే హెలికాప్టరు నెక్కించి, విదేశీ కంపెనీలవద్ద సొమ్ము లాగిన దళారుల బాగోతము 2018లో ప్రభుత్వ విచారణలో బయటపడెను. సొమ్మున్నచోట దొంగ చేరును. అందుచేతనే నిధి ప్రజల కనుసన్నల నుండవలెను; లెక్కలు ఏటేట ప్రకటింపవలెను.

తుదకు మన ప్రభుత్వమునకు ఒక మాట. ఆపదలో నున్నవాని కేకను ఆకాశమార్గమున మోయు ఏర్పాటు ఒకటి ప్రపంచమున కలదు. దాని పేరు కోస్పాస్-సార్సాట్. రష్యాయును, అమెరికాయును పరస్పరము పళ్లునూరుకొను దినములలోనే కెనడా, ఫ్రాన్సులతో గూడి దానిని నిర్మించిరి. 1982 సెప్టెంబరులో అది మొదటి ప్రాణము కాపాడెను. మన భారతదేశమును అందు భాగస్వామి. బెంగుళూరులోను, లక్నోలోను ఆ సంకేతములు విను కేంద్రములున్నవి. ఇంతటి చెవి గల దేశమున కొండయాత్రికునికి నోరు లేకుండుట వింత గాదా? ఉపగ్రహఫోనును గాని, ఉపగ్రహముద్వారా కబురంపు చిన్నయంత్రమును గాని ప్రత్యేకానుమతి లేక వెంట నుంచుకొనుట ఇచట నేరము. పరప్రభుత్వము 1885లోను, 1933లోను చేసిన తంతి, నిస్తంత్రీ చట్టముల నాటినుండియు ఈ కట్టు వచ్చుచున్నది. 2023లో మన పార్లమెంటు నూతన చట్టము చేసినను అనుమతి లేనివానికి కట్టు వీడలేదు. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయమున అట్టి యంత్రము కలిగియున్న కెనడాదేశపు స్త్రీని నిర్బంధించిరి. కొండలలో ప్రాణరక్షణకై పెక్కుదేశముల యాత్రికులు జేబులో వేసికొను వస్తువది!

2008 నవంబరులో బొంబాయి నగరమును చెరచిన ముష్కరులు ఉపగ్రహఫోనులు వాడిరి. ఆ భయము నిజమైనదే. సరిహద్దు కొండలలో జాగ్రత్త అవసరమే. కాని ముష్కరుడు అనుమతి అడుగడు, యాత్రికుడు అడుగును. అడుగువానికి సులభముగా ఇచ్చుటవలన భద్రతకు లోటేమి? కొండదారి మొదట ప్రభుత్వమే యాత్రికుని పేరు, దారి, తిరిగివచ్చు గంట నమోదుచేసికొని, సంకేతయంత్రమును అద్దెకిచ్చి, వచ్చినపిమ్మట తిరిగి పుచ్చుకొనరాదా? నోరుమూయించి, పిదప వెదకుటకు వ్యయమాయెనని గోలపెట్టుట చేతులు కాల్చి ఆకులకు వెల యడుగుటయే గదా!

మేము కోరునవి నాలుగు. కొండదారులకు ఇచ్చు అనుమతి రుసుములో కొంత వేరుగా తీసి రక్షణనిధిగా నుంచవలెను. గడువుదాటి రానివాని పేరు నమోదుపుస్తకమున నిదురపోక ఆ రాత్రియే విచారింపబడవలెను. సంకేతయంత్రములకు సులభమైన అనుమతి నీయవలెను. వెదకబోవు గ్రామస్థులకు దినకూలియు, బీమాయు, శిక్షణయు కల్పింపవలెను. ఇవి చేసిననాడు వంచకుని తప్ప ఎవ్వనికిని బిల్లు పంపనక్కరలేదు.

యువకులారా! కొండలకు పొండు. ఒంటరిగా పోవలెనన్న కోరిక కలిగినచో ఒంటరిగానే పొండు, మేము అడ్డుచెప్పము. ఆపద కలిగినప్పుడు సిగ్గుపడక, వెలుగుండగనే కేక వేయుడు. కాని గడప దాటకముందు నాలుగు మాటల కాగితము వ్రాసి తల్లిచేతిలోనో, అన్నచేతిలోనో, స్నేహితునిచేతిలోనో పెట్టి పొండు. ఆ కాగితము మీకొరకే గాదు; ఏ అర్ధరాత్రియో కంబళి తొలగించి మిమ్ము వెదక లేచువాడు వెలుగు రాకమునుపే తన పిల్లలవద్దకు తిరిగివచ్చుటకొరకు.